ఇషాపూరు పిస్తోలుకు పుట్టిల్లు ఏది?

షోలాపూరు నుండి మన సంఘ సభ్యురాలు, ఒక పెద్దావిడ, ఈ శీర్షికకు ఉత్తరం వ్రాసినారు. ఆమె మనుమడు పోలీసు సబిన్‌స్పెక్టరు శిక్షణ ముగించుకొని ఈ మధ్యనే ఇంటికి వచ్చినాడట. భోజనాల దగ్గర తనకు నేర్పిన ఆయుధాల సంగతి చెబుతూ "బ్రౌనింగ్ పిస్తోలు" అన్నాడట. "దాని మీద ఏమని ముద్ర వేసి ఉంటుందిరా?" అని తాతగారు అడిగితే, ఇషాపూరు కర్మాగారం ముద్ర అన్నాడట. ఇక చూడండి. "బ్రౌనింగ్ అన్నది దొర పేరు గదా, ఇషాపూరు మన దేశంలోనిదే గదా, ఇంతకూ ఆ పిస్తోలు మనదా, పరాయిదా? తాతా మనుమలు మూడు రోజులుగా వాదులాడుకొంటున్నారు. మీరైనా తీర్పు చెప్పండి" అని ఆమె కోరినారు.

ఈ తగవు తీర్చడం నాకు అంత సులువుగా కనిపించలేదు. షోలాపూరులో నాలుగు తరాలుగా మగ్గం మీద బ్రతికిన కుటుంబాన్ని పట్టుకొని "మీ అసలు ఊరేది?" అని అడిగితే ఆ ఇంటివారు ఏమని చెబుతారు? ముందు నవ్వుతారు, తరువాత కథ చెబుతారు. నేనూ కథే చెబుతాను. తీర్పు కూడా చెబుతాను గాని, అది తాతగారికీ మనుమడికీ ఇద్దరికీ నచ్చకపోవచ్చు.

ముందుగా వస్తువు సంగతి. మన సైన్యంలోనూ పోలీసులోనూ వాడుకలో ఉన్న ఈ పిస్తోలుకు సర్కారీ పేరు "పిస్టల్ ఆటో 9 ఎం.ఎం. 1ఎ". పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, బరువు కిలోకు కొంచెం తక్కువ. పిడిలో 13 తూటాలు పడతవి. ఇంతకుముందు మన పోలీసు అధికారుల నడుముకు వేలాడినది రివాల్వరు. దానిలో తూటాలు గుండ్రని చక్రంలో ఉంటవి, సామాన్యంగా ఆరు. పిస్తోలులో చక్రం ఉండదు. తూటాలు పిడి లోపల ఒక రేకు పెట్టెలో ఉంటవి. ఆ పెట్టెను మేగజైను అంటారు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న పత్రికనూ మేగజైను అనే అంటారు. రెండింటికీ మూలం అరబ్బుల మాటే, అర్థం గిడ్డంగి. ఒకదానిలో తూటాలు, ఒకదానిలో మాటలు నిలవ చేస్తారు.

బ్రౌనింగ్ అనే ఆయన నిజంగానే దొర. జాన్ మోజెస్ బ్రౌనింగ్, అమెరికాలో యూటా రాష్ట్రపు ఆగ్డెన్ పట్టణంలో 1855లో పుట్టినాడు. తండ్రి తుపాకులు చేసే కమ్మరి. కొడుకు ఆ కొలిమి దగ్గరే పెరిగినాడు. తుపాకుల చరిత్రలో ఒక్క మనిషి ఇన్ని పనిచేసే నమూనాలు తీసిన సంగతి మరొకటి లేదు. ఆయన పేర వచ్చిన పేటెంట్లు 128. అమెరికా సైన్యం 1911లో తీసుకొన్న .45 పిస్తోలు ఆయనదే. దాని హక్కులు కోల్ట్ కంపెనీకి అమ్మినాడు. సముద్రానికి ఇవతల బెల్జియం దేశంలో లియేజ్ నగరం ప్రక్కన హెర్‌స్టాల్ అనే ఊరున్నది. 1889లో స్థాపించిన ఫాబ్రిక్ నాసియొనాల్ ఆయుధ కర్మాగారం అక్కడిది, పొట్టిగా ఎఫ్.ఎన్. అంటారు. బ్రౌనింగ్ ఎన్నో నమూనాలు వారికిచ్చినాడు. ఆ కర్మాగారం బ్రౌనింగ్ పేరుతో ఎన్ని జేబు పిస్తోళ్లు అమ్మినదంటే, ఫ్రెంచివారి వాడుకలో ఏ పిస్తోలునైనా బ్రౌనింగ్ అనడం అలవాటైపోయినది. 1914లో సారయెవోలో ఆస్ట్రియా యువరాజును చంపిన పిస్తోలు కూడా ఆ కర్మాగారం సరుకే.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఫ్రెంచి సైన్యం కొత్త పిస్తోలు కావాలన్నది. వారి షరతులు ఆనాటికి చాలా ఎక్కువ. కనీసం పది తూటాలు పట్టాలి. 50 మీటర్ల దూరం వరకు పనిచేయాలి. సుత్తి బయటకు కనబడాలి. విప్పడం, బిగించడం సులువుగా ఉండాలి. మేగజైను ఊడదీసి ఉన్నప్పుడు ఎంత నొక్కినా పిస్తోలు పేలకూడదు. ఈ ఆఖరు షరతును గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాము.

అడిగినవన్నింటిలో చిక్కు పది తూటాల దగ్గర వచ్చినది. అప్పటి సైనిక పిస్తోళ్లలో ఏడో ఎనిమిదో తూటాలు ఒకదానిపై ఒకటి ఒకే వరుసలో ఉండేవి. మరి నాలుగు కావాలంటే పిడి జానెడు పొడుగు చేయాలి. హెర్‌స్టాల్ కర్మాగారంలో ద్యూదొనే సేవ్ అనే రూపశిల్పి ఉండేవాడు. 1888లో పుట్టినవాడు. ద్యూదొనే అంటే వారి భాషలో "దేవుడిచ్చినవాడు", మనవారిలో దేవదత్తుడు అన్నమాట. సంతలో కొబ్బరికాయలు పేర్చేవాడు రెండు కాయల నడుమ సందులో మూడో కాయను కూర్చుతాడు గదా, సేవ్ తూటాలను ఆ పద్ధతిలో రెండు వరుసలుగా కూర్చినాడు. సందులో సందు కలవడం వల్ల వెడల్పు రెండింతలు కాలేదు. పెట్టె మూతి దగ్గర మాత్రం రెండు వరుసలూ సన్నబడి ఒకే తూటా బయటకు వచ్చేట్లు అమర్చినాడు. గుళ్లో రెండు వరుసల జనం గర్భగుడి గడప దగ్గర ఒక్కొక్కరుగా లోపలికి పోయినట్లు. చెప్పడానికి సులువే. ఆ మూతి దగ్గర రేకు వంపు ఏమాత్రం తప్పినా తూటా ఇరుక్కొంటుంది, యుద్ధంలో అది ప్రాణం మీదికి వస్తుంది. తూటాలను ఎగుడుదిగుడుగా పేర్చడం అంతకు ముందూ కొందరు చేసినదే. కాని పెద్ద సైనిక తూటాలను అన్నింటిని మనిషి గుప్పిట పట్టే పిడిలో ఇమిడ్చి, నమ్మకంగా పనిచేయించినది ఈ పెట్టె.

ఆ పెట్టె ఆధారంగా బ్రౌనింగ్ ఆగ్డెన్‌లో రెండు నమూనాలు చేసినాడు. 1923 జూన్ 28న పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. అయితే తానే కనిపెట్టిన 1911 పిస్తోలులోని మేలైన ఏర్పాట్లు ఇందులో వాడుకొనే వీలు ఆయనకు లేదు, హక్కులు కోల్ట్ వారివి గదా! తన వంటను తానే వేరే పద్ధతిలో వండవలసి వచ్చినది. ఆ నమూనాకు బయట సుత్తి కూడా లేదు. ఫ్రెంచివారు పరీక్షలు చేస్తూ మార్పులు అడుగుతూనే ఉన్నారు. 1926 నవంబరు 26న లియేజ్‌లో కర్మాగారం పనిమీదనే ఉండగా బ్రౌనింగ్ గుండె ఆగి మరణించినాడు. వయస్సు 71. పేటెంటు ఆయన పోయిన మూడు నెలలకు, 1927 ఫిబ్రవరిలో వచ్చినది.

ఇక్కడి నుండి పని అంతా సేవ్‌దే. 1928లో కోల్ట్ వారి పాత పేటెంట్ల గడువు తీరినది. అంతవరకు మూసి ఉన్న తలుపు తెరచుకొన్నది. గురువు పూర్వం 1911 పిస్తోలులో పెట్టి, తరువాత తానే ముట్టుకోలేకపోయిన ఏర్పాట్లను శిష్యుడు తెచ్చి ఇందులో కలిపినాడు. బయట సుత్తి పెట్టినాడు. మేగజైను కుదించి 13 తూటాలకు తెచ్చినాడు. పిడి వెనుక భాగాన్ని అరచేతికి అమరేట్లు వంచినాడు. 1934కు పిస్తోలు పూర్తి అయినది. 1935లో బెల్జియం సైన్యం దానిని తీసుకొన్నది.

మరి ఫ్రెంచివారో? కొనలేదు! పన్నెండేళ్లకు పైగా అడిగి, పరీక్షించి, దిద్దించి, చివరకు ఎనిమిది తూటాల సొంత పిస్తోలు చేసుకొన్నారు. పెళ్లిచూపులకు పదిసార్లు వచ్చి పొరుగూరి సంబంధం చేసుకొన్నట్లు. వారడిగిన షరతు మాత్రం పిస్తోలులో మిగిలిపోయినది.

ఆ షరతు సంగతి ఇప్పుడు చెబుతాను. మేగజైను ఊడదీయగానే తుపాకి ఖాళీ అయినదనుకోవడం చేతిపిస్తోళ్లతో జరిగే ప్రమాదాలలో పెద్ద కారణం. పెట్టె బయటకు వచ్చినా అప్పటికే గొట్టంలోకి ఎక్కిన ఒక తూటా అక్కడే ఉంటుంది. అందుకని ఈ పిస్తోలులో ఒక చిన్న మేకు మేగజైనుకు ఆనుకొని ఉంటుంది. పెట్టె లేకపోతే ట్రిగ్గరుకూ సుత్తికీ సంబంధం తెగిపోతుంది. మంచి ఏర్పాటే. కాని ఆ మేకు పెట్టెకు రాచుకొంటూ ఉండడం వల్ల ట్రిగ్గరు బిగువుగా, గరగరమంటూ కదులుతుంది. గురి కుదరదని నిపుణులు కొందరు దానిని తీసివేయించుకొనేవారు. నా మట్టుకు అది ఉండడమే మేలు. గురి ఒక వెంట్రుకవాసి తప్పితే నష్టపోయేది పందెం, అది లేకపోతే నష్టపోయేది ఇంట్లో మనిషి. ఈ ఒక్క మేకునూ నమ్మి కూర్చోమని మాత్రం ఏ శిక్షకుడూ చెప్పడు. మొదట మేగజైను ఊడదీయాలి, ఆ తరువాతనే పైకప్పు వెనుకకు లాగి గొట్టంలోకి కంటితో చూడాలి. ఈ వరుస తారుమారు చేసి ముందు పైకప్పు లాగితే, ఒక తూటా బయటపడి మరొక తూటా పెట్టెలోనుంచి గొట్టంలోకి ఎక్కుతుంది. చేసినవాడు ఖాళీ చేసినాననే అనుకొంటాడు. అమ్మా, మీ మనుమణ్ణి ఈ వరుస ఒప్పగించమనండి. తడబడకుండా చెబితే నిశ్చింతగా ఉండండి.

పైకప్పు అన్నాను గనుక దాని పని కూడా రెండు మాటలలో చెబుతాను. దానిని స్లైడు అంటారు. తూటా పేలినప్పుడు గొట్టమూ స్లైడూ గడియ వేసిన తలుపు రెక్కల వలె ఒకదానినొకటి పట్టుకొని కొద్ది దూరం కలిసి వెనుకకు పోతవి. ఈలోగా గుండు గొట్టం దాటి పోతుంది. అప్పుడు గొట్టం క్రింద వాలుగా కోసిన గాడి గొట్టం వెనుక భాగాన్ని క్రిందికి దించుతుంది, గడియ విడిపోతుంది. స్లైడు ఒక్కటే ఇంకా వెనుకకు పోయి, ఖాళీ తొడుగును బయటకు విసిరి, సుత్తిని ఎక్కుపెట్టి, స్ప్రింగు త్రోయగా ముందుకు వస్తూ కొత్త తూటాను ఎక్కించుకొంటుంది. 1911 పిస్తోలులో గాడి బదులు ఒక చిన్న లంకె ఊగుతూ ఈ పని చేసేది. లంకెకంటే గాడి మొండిది, తరుగుడు తక్కువ. నేడు లోకంలో చలామణి అవుతున్న సైనిక పిస్తోళ్లలో చాలా భాగం ఈ పద్ధతినే పట్టుకొన్నవి.

ఇక రూపాంతరాల కథ. పుట్టినప్పుడే ఈ పిస్తోలు రెండు వేషాలలో వచ్చినది. ఒకటి మామూలు గురికంటితో. రెండవదానికి వెనుక దూరాల అంకెలు చెక్కిన లేచే గురికన్ను, పిడి వెనుక ఒక గాడి. ఆ గాడిలో కొయ్య తొడుగును తగిలిస్తే పిస్తోలు చిన్న రైఫిలు వలె భుజానికి ఆనుతుంది. ఎంత దూరమైనా కొట్టవచ్చునని ఆ అంకెలు ఊరిస్తవి గాని, పిస్తోలుతో అంత దూరం కొట్టినవాడు కథల్లోనే ఉంటాడు.

1940 మే నెలలో జర్మనులు బెల్జియాన్ని ఆక్రమించినారు. హెర్‌స్టాల్ కర్మాగారం వారి చేతిలో పడినది. అవే యంత్రాల మీద జర్మను సైన్యం కోసం "640(బి)" అనే పేరుతో మూడు లక్షలకు పైగా ఈ పిస్తోళ్లు చేయించినారు. సేవ్ మాత్రం తప్పించుకొని ఇంగ్లండు చేరినాడు. ఆయనా, ఆయనతోడి బెల్జియం ఇంజనీర్లూ కలిసి పటాలు మళ్లీ సిద్ధం చేసినారు. ఆ పటాలు కెనడాలోని టొరాంటోకు, జాన్ ఇంగ్లిస్ కంపెనీకి పోయినవి. ఒకప్పుడు బాయిలర్లు చేసిన ఆ కంపెనీ అప్పుడు బ్రెన్ తుపాకులు చేస్తూండేది. యుద్ధం తరువాత బట్టలుతికే యంత్రాలకు పేరుపడినది. పిస్తోళ్లు కావాలన్నది ఎవరనుకొన్నారు? చైనా ప్రభుత్వం, ఒక లక్షా ఎనభై వేలు. చైనావారికి కొయ్య తొడుగున్న పిస్తోలంటే మక్కువ, అందుచేత టొరాంటోలో మొదటి నమూనా ఆ వేషంలో వచ్చినది. కామన్‌వెల్తు సైన్యాలకు మామూలు గురికన్నుతో రెండవ నమూనా చేసినారు. 1944, 45 సంవత్సరాలలో మొత్తం సుమారు లక్షన్నర తయారైనవి. బర్మా రోడ్డు 1942లోనే జపానువారు మూసినారు. అప్పటి నుండి చైనాకు సరుకు చేరవలసినది మన దేశం మీదుగా, హిమాలయాల పైన విమానాలలో. అడిగినన్ని చేరే మార్గం కాదు అది.

ఆ విధంగా ఒకే మనిషి దిద్దిన పిస్తోలు ఒకే సమయంలో రెండు పక్షాల నడుములకూ వేలాడినది. తన చేతి పనిని శత్రువు నడుమున చూడడం ఆయనకు ఎలా ఉండినదో! ఈ వింత అంతటితో ఆగలేదు. అర్జెంటీనాలో రొజారియోలో ఈ పిస్తోలు లైసెన్సుపై తయారైనది. 1982లో ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటనూ అర్జెంటీనా తలపడినప్పుడు ఇరుపక్షాల అధికారుల దగ్గరా ఇదే పిస్తోలు. ఇంకా చూడండి, ఇరుపక్షాల సిపాయిల భుజాన ఉన్న రైఫిలు కూడా ఒక్కటే జాతి. హెర్‌స్టాల్‌లో పుట్టిన ఎఫ్.ఏ.ఎల్. రైఫిలు. దానిని రూపొందించినది ఎవరు? మన దేవదత్తుడే, ద్యూదొనే సేవ్.

ఆ రైఫిలు పేరు చెబితే మన ఇళ్లలో తెలియకపోవచ్చు. ఎస్.ఎల్.ఆర్. అంటే తెలుస్తుంది. సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలెవరైనా ఉంటే అడిగి చూడండి, కుడిభుజం తడుముకొంటూ చెబుతారు. 1971 యుద్ధంలో మన సిపాయి చేతిలో ఉన్నది అదే. తయారైనది ఇషాపూరులోనే. కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూరు రైఫిలు ఫ్యాక్టరీ 1904 నుండి నడుస్తున్నది. టొరాంటో నమూనాను అనుసరించి మన 9 ఎం.ఎం. పిస్తోలును తయారుచేసినది కూడా ఆ ఫ్యాక్టరీయే. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్సు ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విభజించినప్పుడు ఇషాపూరు అందులో ఒక కంపెనీ క్రిందికి వచ్చినది.

పుట్టింట్లో ఆ తరువాత జరిగిన మార్పులు ఎక్కువగా చిల్లర మార్పులే. ఖాళీ తొడుగును లాగే కొక్కెం లోపల ఉండేది, 1962లో బయటకు వచ్చినది, విరిగితే మార్చడం సులువైనది. 1980లలో రెండవ మార్కులో సేఫ్టీ మీటను ఎడమచేతివారికీ అందేట్లు రెండు ప్రక్కలా పెట్టినారు. మొదటి మీట మరీ గోరంత ఉండి, చేతి తొడుగులు వేసుకొన్నవాడికి దొరికేది కాదు. ఆ దశకం చివర మూడవ మార్కులో, పిస్తోలు చేయి జారి క్రింద పడినా పేలకుండా ఒక అడ్డు చేర్చినారు. .40 తూటాకు కూడా ఒక రూపం వచ్చినది.

పోలీసులకు మాత్రం ఈ పిస్తోలుతో ఒక పేచీ ఎప్పుడూ ఉన్నది. మొదటి గుండు పేలాలంటే సుత్తి ముందుగా ఎక్కుపెట్టి ఉండాలి. ఎక్కుపెట్టి సేఫ్టీ వేసి నడుమున పెట్టుకొంటే చూసేవారికి గుండె దడ. గొట్టం ఖాళీగా ఉంచుకొంటే అవసరానికి రెండు చేతులూ కావాలి, ఒక చేత్తో దొంగ మెడ పట్టుకొని ఉన్న కానిస్టేబులు ఏమి చేస్తాడు? సైన్యానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు, బజారులో తిరిగే పోలీసుకు ఇబ్బందే. ట్రిగ్గరు నొక్కితేనే సుత్తి లేచి పడే పిస్తోళ్లు వాల్తర్ వంటి జర్మను కంపెనీలు 1930ల నాటికే చేసినవి. పోలీసు దళాలు క్రమంగా అటు మొగ్గినవి. హెర్‌స్టాల్ వారు ఆలస్యంగా మేలుకొని అటువంటి రూపమొకటి తెచ్చినారు గాని అది పాతదాని పేరు నిలబెట్టలేదు. తరువాత ఆస్ట్రియా నుండి ప్లాస్టిక్ చట్రంతో, 17 తూటాలతో గ్లాక్ వచ్చినది. బ్రిటిషు సైన్యం 2013లో దానికి మారినది. కెనడావారు 1944, 45 నాటి టొరాంటో పిస్తోళ్లనే దాదాపు ఎనభై ఏళ్లు వాడి, 2022లో గాని కొత్తవి ఎంచుకోలేదు. మన దేశంలో కూడా కొన్ని ప్రత్యేక దళాల చేతికి గ్లాక్ వచ్చినది. అయినా దానిని విప్పి చూడండి, గొట్టం వాలి గడియ విడిచే పద్ధతి పాతదే, పిడిలో తూటాలు కొబ్బరికాయల వలె రెండు వరుసలే.

ఇక తీర్పు. మనుమడు బ్రౌనింగ్ అనడం తప్పు కాదు, లోకమంతా అలాగే అంటుంది. తాతగారు ఇషాపూరు అనడమూ తప్పు కాదు. ఆ ఉక్కును చెక్కి, సానపట్టి, పరీక్షించి ముద్ర వేసినది అక్కడి కార్మికులు. పుట్టిల్లు మాత్రం హెర్‌స్టాల్. ఆ పిస్తోలును పదమూడు తూటాల పిస్తోలు చేసినవాడు, గురువు పోయిన తరువాత తొమ్మిదేళ్లు దానిని విడువకుండా దిద్ది బయటకు తెచ్చినవాడు సేవ్. 1970లో కన్నుమూసినాడు. ఆయన రైఫిలు మన సిపాయి భుజాన, ఆయన దిద్దిన పిస్తోలు మన అధికారి నడుమున దశాబ్దాలు ఉన్నా, ఆయన పేరు మన దేశంలో ఎరిగినవారు బహు తక్కువ. ఇకమీదట భోజనాల దగ్గర ఈ వాదన వస్తే మూడో పేరు కూడా ఒకటి ఉన్నదని ఆమె ఇద్దరికీ చెప్పవచ్చును.

బరంపురం నుండి మరొక సభ్యుడు, వెనుకటి ఇళ్ల చెక్కతలుపులకు ఉండే ఇత్తడి బోల్టు తాళం లోపల ఏముంటుందని అడిగినారు. ఒక పాత తాళం సంపాదించి విప్పుతున్నాను. మళ్లీ బిగించగలిగితే వచ్చే నెల వ్రాస్తాను.